యాంటెన్నా కొనేముందు డాబా మీదికి వెళ్ళి రండి

ప్రశ్న: నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. చిన్నప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని రేడియో వినడం తప్ప షార్ట్‌వేవ్ గురించి నాకేమీ తెలియదు. ఈ మధ్య టెక్‌సన్ పీఎల్-330 అనే చిన్న రేడియో కొనుక్కున్నాను. సాయంత్రాలు హాల్లో పెట్టి తిప్పుతుంటే ఒకటి రెండు చైనా స్టేషన్లు తప్ప మిగతాదంతా బర్రుమనే మోతే. మంచి యాంటెన్నా పెట్టుకోమని అందరూ అంటున్నారు. ఒకాయన 30 మీటర్ల వైరు కట్టమన్నారు. ఇంకొకరు లూప్ యాంటెన్నా ఆన్‌లైన్‌లో తెప్పించుకోమన్నారు. మా డాబా మీద పాత దూరదర్శన్ యాంటెన్నా ఒకటి పడి ఉంది, అది పనికొస్తుందా? ఐదు వేల దాకా ఖర్చు పెట్టగలను. డాబా మీద ఏదైనా కడితే అసోసియేషన్ వాళ్ళు గొడవ చేస్తారేమోనని ఒక టెన్షన్. ఏది కొనమంటారు?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ఇప్పుడప్పుడే ఏమీ కొనకండి. మీ ఉత్తరంలో అసలు సంగతి రెండు మాటల్లోనే ఉంది: ‘హాల్లో పెట్టి’, ‘బర్రుమనే మోతే’. మీ రేడియోలో లోపం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. చైనా స్టేషన్లు వస్తున్నాయంటే సెట్టు బాగానే పనిచేస్తోంది. మిగతావాటిని మీ ఇంట్లోని రొద మింగేస్తోంది.

ఏది స్టేషనో, ఏది రొదో యాంటెన్నాకి తెలియదు. చుట్టూ ఏముంటే అది పట్టి రేడియోకి అందిస్తుంది. అదే చోట దానికి ఇంకో పది అడుగుల వైరు తగిలిస్తే స్టేషనూ పెరుగుతుంది, రొదా పెరుగుతుంది. మనకి వినపడటం అనేది ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. పెళ్ళి పందిట్లో సన్నాయి మేళం పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడేటప్పుడు వాల్యూమ్ ఎంత పెంచినా లాభం ఉండదు, పందిరి దాటి బయటికి రావాల్సిందే. ఇదీ అంతే. అందుకే కొత్తవాళ్ళు ఎవరు అడిగినా నేను ముందు చోటు చూడమంటాను, యాంటెన్నా సంగతి ఆ తర్వాత.

ఈ వారంలో ఒక సాయంత్రం ఇలా చేయండి. రేడియో బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేయండి. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య హాల్లోనే కూర్చుని 10 మెగాహెర్ట్జ్, అంటే 10000 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి. చైనా నుంచి బీపీఎం అనే టైమ్ సిగ్నల్ స్టేషన్ ఈ ఫ్రీక్వెన్సీ మీద సెకనుకో టిక్ చొప్పున పంపుతూ ఉంటుంది. పాటలు, వార్తల స్టేషన్లు గంటకోసారి మారిపోతాయి కాబట్టి పోల్చి చూడటానికి వీలుండదు. ఇది అలా కాదు, రోజూ అక్కడే ఉంటుంది. ఆ టిక్ మీకు వినపడుతోందా, మోత కింద పడిపోయిందా చూసుకోండి. మీ సెట్టు తెర మీద సిగ్నల్ బలం ఒక అంకెగా, సిగ్నల్‌కీ రొదకీ ఉన్న తేడా ఇంకో అంకెగా చూపించే ఏర్పాటు ఉంది. రెండూ కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే రేడియో పట్టుకుని డాబా మీదికి వెళ్ళండి. లిఫ్ట్ గదికీ, నీళ్ళ ట్యాంకు మోటారుకీ వీలైనంత దూరంగా, పిట్టగోడ దగ్గర నిలబడి, రాడ్ పూర్తిగా లాగి మళ్ళీ అదే 10 మెగాహెర్ట్జ్ పెట్టండి. వేరే యాంటెన్నా ఏదీ వద్దు, ఆ రాడ్ చాలు.

చాలామందికి ఇక్కడే విషయం అర్థమైపోతుంది. కింద మోత తప్ప ఏమీ లేని చోట పైన టిక్కు, టిక్కు మధ్య నిశ్శబ్దం, ఆ పక్కన 9.4 నుంచి 9.9 మెగాహెర్ట్జ్ దాకా వరసగా స్టేషన్లు. మొదటి అంకె, అంటే సిగ్నల్ బలం, హాల్లో కంటే పైన తక్కువ చూపించినా ఆశ్చర్యపోకండి. హాల్లో ఆ అంకెని పెంచింది రొదే. మీరు చూడాల్సింది రెండో అంకె.

హాలు ఎందుకు అంత అన్యాయం? రెండు కారణాలు. మన అపార్ట్‌మెంట్ల శ్లాబుల్లో, పిల్లర్లలో నిండా ఇనుప ఊచలే. బయటి నుంచి వచ్చే షార్ట్‌వేవ్ తరంగం ఆ ఇనుప బోనులోకి వచ్చేసరికి బాగా నీరసించిపోతుంది. లోపల మాత్రం రొద పుట్టించే వస్తువులు గదికి నాలుగు. పాతకాలపు ఫిలమెంటు బల్బు రేడియోకి ఏ హానీ చేసేది కాదు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, వైఫై రౌటర్ అడాప్టర్, టీవీ సెట్‌టాప్ బాక్స్, రిమోట్‌తో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్ లోపల కరెంటుని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేసే సర్క్యూట్లు ఉంటాయి. ఆ చప్పుడు ఇంటి వైరింగ్ పొడుగునా పాకుతుంది. అంటే మీ ఇంటి గోడల్లోని వైరింగ్ మొత్తం రొదని ప్రసారం చేసే యాంటెన్నా అయిపోతుంది.

మీ ఇంటి రొద ఎంత, పక్కింటి రొద ఎంత అన్నది తేల్చుకోవడం తేలికే. రేడియో బ్యాటరీ మీద నడుస్తుండగా, స్టేషన్ ఏదీ లేని ఫ్రీక్వెన్సీ ఒకటి పెట్టి మెయిన్ స్విచ్ కట్టేయండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ పోగానే అది అందుకుంటుంది, పైగా చాలా ఇళ్ళల్లో అన్నిటికంటే పెద్ద రొద దానిదే. కాబట్టి ఇన్వర్టర్ కూడా ఆఫ్ చేయాలి. రెండూ ఆగాక మోత ఒక్కసారిగా తగ్గిందంటే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఇన్వర్టర్ అలాగే ఆపి ఉంచి, మెయిన్ వేసి, ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ రండి, దేనితో మోత తిరిగి వచ్చిందో తెలుస్తుంది. ఆ గదిలో ప్లగ్గులు ఒక్కొక్కటే పీకితే అసలు వస్తువు దొరుకుతుంది. మామూలుగా ఏదో ఒక చవక ఛార్జరో, రౌటర్ అడాప్టరో బయటపడుతుంది. అడాప్టర్ మారిస్తే సరిపోతుంది. లేదా వినేటప్పుడు తీసేస్తే సరిపోతుంది.

మోత తీరుని బట్టి కూడా కొంత చెప్పవచ్చు. బ్యాండ్ పొడుగునా ఒకే తీరున ‘బర్‌ర్’ అంటుంటే వీధిలోని కరెంటు స్తంభం మీద ఎక్కడో పింగాణీ ఇన్సులేటర్ దగ్గర చిన్న చిన్న నిప్పురవ్వలు వస్తూ ఉండవచ్చు. ఎండాకాలం దుమ్ము పట్టినప్పుడు ఎక్కువై, మంచి వాన పడి ఇన్సులేటర్లు కడుక్కుపోయాక తగ్గితే అదేనని అనుమానించండి. కొన్ని చోట్ల ఉండి, కొన్ని చోట్ల లేకుండా, ట్యూన్ చేస్తుంటే కొంత దూరానికోసారి ఉబ్బెత్తుగా తగులుతుంటే అది అడాప్టర్ల జాతి. పగలే ఉండి పొద్దుగూకాక పోతుంటే చుట్టుపక్కల డాబా మీద సోలార్ ప్యానెళ్ళున్నాయేమో చూడండి.

యాంటెన్నా మీదికి అనవసరంగా నింద పోయే ఇంకో విషయం వేళ. మధ్యాహ్నం రెండింటికి 6 మెగాహెర్ట్జ్ దగ్గర ఎంత పెద్ద యాంటెన్నా పెట్టినా దూరదేశాలు రావు. పగటిపూట అయనోస్ఫియర్, అంటే రేడియో తరంగాలని తిప్పి పంపే పై వాతావరణం, దాని అడుగుపొర ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలని పీల్చేసుకుంటుంది. సూర్యుడు దిగాక ఆ పొర పలచబడిపోయి, పై పొర నుంచి తరంగాలు తిరిగి నేలకి రావడం మొదలవుతుంది. కాబట్టి పగలు 15 నుంచి 21 మెగాహెర్ట్జ్ వైపు, సాయంత్రం 9 నుంచి 12, రాత్రి పొద్దుపోయాక 6, 7, 9 వైపు తిప్పండి. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్ళలో పై బ్యాండ్లు బాగా తెరుచుకుంటాయి. సూర్యుడు గరిష్ఠ దశకి చేరాడని 2024 అక్టోబరులో నాసా, నోవా సంస్థలు ప్రకటించాయి. ఈ చక్రం దాదాపు 11 ఏళ్ళది. గరిష్ఠం దాటి సూర్యుడు చల్లబడుతున్నకొద్దీ కింది బ్యాండ్లే ఎక్కువ పనికొస్తాయి. ప్రసారాల పట్టికల్లో టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైమ్‌లో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్. ఏటా మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం పట్టికలు మారతాయి, పాత పట్టిక పెట్టుకుని వెతికితే దొరకవు.

మీ నాన్నగారి రోజుల్లో వచ్చినన్ని స్టేషన్లు ఇప్పుడు లేవన్నది కూడా గుర్తుంచుకోండి. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆపేసింది. అవి రావడం లేదని యాంటెన్నా మార్చి లాభం లేదు. ఫలానా స్టేషన్ అసలు గాలిలో ఉందా లేదా అని అనుమానం వస్తే, ఇంటర్నెట్‌లో ఊరికే వాడుకోనిచ్చే కివీఎస్‌డీఆర్ రిసీవర్లు చాలా దేశాల్లో ఉన్నాయి. మనకి దగ్గరగా ఉన్నది ఒకటి తెరిచి అదే ఫ్రీక్వెన్సీ పెట్టి చూడండి. అక్కడ గట్టిగా వస్తూ మీ దగ్గర రావడం లేదంటే సమస్య మీ చోటుది. అక్కడా లేకపోతే మీ తప్పేం లేదు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. డాబా పరీక్ష అయ్యాక మీ మొదటి యాంటెన్నా మామూలు వైరే కావాలని నా గట్టి అభిప్రాయం. ఎలక్ట్రికల్ షాపులో సన్నపాటి ప్లాస్టిక్ తొడుగున్న ఫ్లెక్సిబుల్ వైరు లూజుగా మీటర్ల లెక్కన ఇస్తారు. ఎనిమిది మీటర్లు తీసుకోండి, మరో ఎనిమిది మీటర్లు కూడా తీసుకోండి, దాని సంగతి చెబుతాను. రంగు నలుపో బూడిదో అయితే గోడకి కలిసిపోయి ఎవరి కంటా పడదు. కొంచెం నైలాన్ తాడు తెచ్చుకోండి. వైరు చివర చిన్న ఉచ్చు వేసి దానికి తాడు కట్టి, ఆ తాడుని బాల్కనీకి దూరంగా ఉన్న చెట్టుకో, కాంపౌండ్ గోడ కొక్కేనికో కట్టాలి. వైరు భవనానికి ఎంత ఎడంగా వెళితే అంత మంచిది. గోడ వెంబడి పాకించారా, మళ్ళీ ఇంటి రొదలోనే ఉన్నట్టు. పైనుంచి కిందికి ఏటవాలుగా దిగినా ఫరవాలేదు, నిటారుగా ఉండాలన్న నియమం లేదు. బాల్కనీకి ఇనుప గ్రిల్లు ఉంటే దానికి తగలకుండా ఒక జానెడు పీవీసీ పైపు ముక్కలోంచి బయటికి తీయండి.

రేడియో దగ్గర ఎలా కలపాలన్నదే అందరూ తొందరపడే చోటు. తొడుగు వలిచి, రాగి తీగని క్లిప్పుతో రాడ్‌కి నేరుగా పెట్టేస్తారు. అలా చేయకండి. వైరు చివర ప్లాస్టిక్ తొడుగు ఉన్నది ఉన్నట్టే ఉంచి, రాడ్ అడుగుభాగంలో ఐదారు చుట్లు చుట్టండి, అంతే. లోహానికి లోహం తగలకపోయినా సిగ్నల్ తొడుగు మీదుగా దూకుతుంది. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, గాలిదుమ్ముకి వైరు మీద పేరుకునే స్థిర విద్యుత్తు నేరుగా సెట్టులోకి దూరదు. రెండు, సిగ్నల్ కావలసినంతే వెళుతుంది. ఎక్కువ కావాలంటే ఇంకో నాలుగు చుట్లు వేయండి, ఎక్కువైతే విప్పండి. చేత్తోనే సర్దుకునే సదుపాయం ఇది.

సిగ్నల్ ఎక్కువైతే బాధేమిటని మీరు అడగవచ్చు. మీకు 30 మీటర్ల వైరు ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి కారణం ఇదే. మీ సెట్టు లాంటి చిన్న రేడియోలు వాటి రాడ్‌కి తగ్గట్టు తయారైనవి. వాటికి చాలా పొడుగు వైరు తగిలిస్తే లోపలి మొదటి మెట్టు తట్టుకోలేక, ఉన్న స్టేషన్లనే కలిపేసి లేని చోట్ల చూపిస్తుంది. ఒకే చైనా స్టేషన్ నాలుగు చోట్ల వినపడటం, రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడటం, షార్ట్‌వేవ్ మధ్యలో తెలుగు వార్తలు మెల్లగా రావడం, ఇవన్నీ దాని లక్షణాలే. తెలుగు వార్తలంటే, విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీ ఊళ్ళోదే కదా, పొడుగు వైరుకి ముందు చిక్కేది అదే. ఆ పొడుగు వైరు సలహా ఇచ్చినాయన తప్పు చెప్పారని కాదు. పెద్ద టేబుల్ సెట్టుకి, ఊరి బయట ఇంటికి అది చక్కని సలహా. మూడో అంతస్తులో అరచేతిలో పట్టే రేడియోకి ఎనిమిది, పది మీటర్లు దాటనవసరం లేదు.

రెండో ఎనిమిది మీటర్ల సంగతి. యాంటెన్నాకి ఒక కాలు వైరు అయితే, రెండో కాలు నేల. పోర్టబుల్ రేడియోకి ఆ రెండో కాలు సరిగ్గా లేక అది చుట్టూ ఉన్న వైరింగ్‌నే ఆసరాగా తీసుకుంటుంది. మీ సెట్టు పక్కన బయటి యాంటెన్నా కోసం 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది, ఇయర్‌ఫోన్ పిన్ను లాంటిదే అందులో పడుతుంది. కొన్నాళ్ళయ్యాక ఆ పిన్నుకి కొన వైపు పైకి వెళ్ళే వైరు, మొదలు వైపు ఈ రెండో వైరు సోల్డరింగ్ చేయించుకోండి. రెండో వైరుని బాల్కనీ నేల మీదో, కింది వైపుకో వేలాడనివ్వండి. ఇంటి ప్లగ్గులోని ఎర్త్‌కి మాత్రం కలపవద్దు. ఆ ఎర్త్ మీదుగానే రొదంతా ఊరేగుతూ ఉంటుంది, చేతులారా దాన్ని లోపలికి పిలిచినట్టే.

ఇంతవరకూ మీకు రెండు మూడు వందలు కూడా కాదు. ఒక నెల దీంతోనే వినండి.

డాబా బాగా నిశ్శబ్దంగా ఉందని పరీక్షలో తేలి, అసోసియేషన్ కూడా ఒప్పుకుంటే, అప్పుడు డైపోల్ కట్టుకోవడం కంటే మంచిది లేదు. రెండు సమానమైన వైర్లు, మధ్యలో కేబుల్, అంతే దాని నిర్మాణం. మొత్తం పొడుగు మీటర్లలో కావాలంటే 143ని ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌తో భాగించండి. సాయంత్రం ఎక్కువ స్టేషన్లుండే 9.4 నుంచి 9.9 మెగాహెర్ట్జ్ భాగానికి (దీన్నే 31 మీటర్ల బ్యాండ్ అంటారు) 9.6 అనుకుంటే దాదాపు 14.9 మీటర్లు, అంటే ఒక్కో వైపు ఏడున్నర మీటర్ల లోపే. మామూలు అపార్ట్‌మెంట్ డాబా మీద మూలకి మూల కడితే పట్టేస్తుంది. లేదంటే మధ్యలో ఒక పీవీసీ పైపు నిలబెట్టి రెండు చేతులూ కిందికి వంచి పిట్టగోడకి కట్టవచ్చు. వినడానికే కాబట్టి మిగతా బ్యాండ్లలో కూడా బాగానే పనిచేస్తుంది, ప్రతి బ్యాండ్‌కీ ఒకటి కట్టనక్కరలేదు. ఏ దిక్కుకి పెట్టాలని టెన్షన్ పడకండి. డాబా మీద మనం ఎత్తగలిగే ఎత్తులో, ఈ బ్యాండ్లలో డైపోల్‌కి దిక్కుల పట్టింపు పెద్దగా ఉండదు.

కేబుల్‌కి ఖరీదైనది వెతకకండి. కేబుల్ టీవీ వాళ్ళు వాడే ఆర్‌జీ-6 చాలు. డైపోల్ నడిమి భాగం నిరోధం సుమారు 73 ఓమ్‌లు, టీవీ కేబుల్ 75 ఓమ్‌లు, రెండూ చక్కగా కుదురుతాయి. ఒక్కటే చిక్కు, ఆర్‌జీ-6 పై జాలీ, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక, ఎక్కువగా అల్యూమినియంది, దానికి సోల్డరింగ్ పట్టదు. దుకాణంలోనే రెండు చివర్లా ఎఫ్ కనెక్టర్ బిగించి ఇమ్మనండి. పైన వైర్లని స్క్రూ కనెక్టర్‌తో కలిపి, నీళ్ళు దిగకుండా టేపు గట్టిగా చుట్టండి. మన ఎండకి మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క వేసవిలో జిగురు కారిపోయి ఊడుతుంది, రబ్బరులా సాగి అతుక్కునే రకం దొరికితే అది వాడండి.

కేబుల్ పై జాలీ మీదుగా ఇంటి రొద డాబా దాకా ఎక్కిపోయి యాంటెన్నాలో కలవడం అనే ఇంకో జబ్బు ఉంది. పైన అంత నిశ్శబ్దంగా ఉన్నా, కేబుల్ కింద రేడియోకి పెట్టగానే మోత మొదలైతే అదే. దీనికి మందు ఫెర్రైట్ రింగు, అంటే కేబుల్ మీద పాకే రొదని అడ్డుకునే నల్లటి రింగు. షార్ట్‌వేవ్‌కి ‘మిక్స్ 31’ అనే రకం బాగా పనిచేస్తుంది. కేబుల్‌ని ఆ రింగులోంచి ఎన్ని చుట్లు పడితే అన్ని దూర్చి, యాంటెన్నా దగ్గర ఒకటి, రేడియో దగ్గర ఒకటి పెట్టండి. మీ ఐదు వేలలో డబ్బు పెట్టదగ్గ వస్తువు ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. ఒంటి వైరుని కేబుల్‌కి కలపాలనుకునేవాళ్ళకి 9:1 ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా అమ్ముతారు. పనికొచ్చేదే, కానీ దానికి కూడా కింద నేల తీగ ఉండాలి. అది లేకుండా పెడితే కేబుల్ జాలీయే నేల పని చేసి రొదని మోసుకొస్తుంది.

లూప్ ఎప్పుడు కొనాలి? డాబా దొరకనప్పుడు, బాల్కనీ తప్ప గతి లేనప్పుడు. మీటరు లోపు అడ్డం ఉన్న గుండ్రటి తీగ, దాని అడుగున చిన్న యాంప్లిఫయర్, ఎంఎల్‌ఏ-30 లాంటి రకాలు మీ బడ్జెట్‌లోనే వస్తాయి. దీని గొప్ప అంతా తిప్పడంలో ఉంది. చక్రం చదునుగా చూసే దిక్కు నుంచి వచ్చేదాన్ని అది దాదాపు వినదు. ఆకాశం నుంచి దిగే దూరపు స్టేషన్లు రకరకాల కోణాల్లో వస్తాయి కాబట్టి వాటికి పెద్ద నష్టం ఉండదు. పక్కింటి ఇన్వర్టర్ ఒక దిక్కు నుంచే వస్తుంది కాబట్టి అది మునిగిపోతుంది. లూప్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక చోట మోత సద్దుమణిగి, దాని అడుగు నుంచి మనిషి గొంతు పైకి తేలడం విన్నవాళ్ళు ఇక లూప్‌ని వదలరు. అయితే రొద నాలుగు వైపులా ఉంటే తిప్పడానికి దిక్కు మిగలదు. ఇనుప గ్రిల్లుకి ఆనించి పెట్టినా ఫలితం ఉండదు, కనీసం చెయ్యి చాచినంత ఎడం కావాలి. దానికి కరెంటు ఇచ్చే యూఎస్‌బీ ఛార్జరే కొత్త రొద కావడం చాలా మామూలు. పవర్ బ్యాంక్ వాడమంటారు, అందులోనూ కొన్ని అరుస్తాయి, కాబట్టి ఇంట్లో ఉన్నవన్నీ ఒకసారి పెట్టి విని చూడండి. మీ ఊరి మీడియం వేవ్ కేంద్రానికి బాగా దగ్గరలో ఉంటే చవక లూపుల యాంప్లిఫయర్లు దాని బలానికి తట్టుకోకపోవచ్చు.

పాత దూరదర్శన్ యాంటెన్నాని అలాగే వదిలేయండి. దాని అల్యూమినియం పుల్లల పొడుగు టీవీ ఫ్రీక్వెన్సీలకి లెక్కకట్టి పెట్టినది, షార్ట్‌వేవ్‌కి అది ఒక లోహపు ముక్క మాత్రమే. దాని గొట్టం తుప్పు పట్టకుండా ఉంటే డైపోల్ నడిమి స్తంభంగా మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. మినీ విప్ అని అరచేతి పొడుగు యాంటెన్నా ఒకటి ఎవరైనా చెప్పవచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంటర్నెట్‌లో నడిపే ప్రసిద్ధమైన రిసీవర్‌కి అదే వాడుతున్నారు. కానీ అది భవనం పైన, ఎత్తులో, మంచి నేల కలిపితేనే. బాల్కనీలో పెడితే ఇంటి రొదని మొదట పట్టేది అదే.

ఇప్పుడు మిగతా అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సినవి. వైరు ఏ దారిలో వెళ్ళినా కరెంటు తీగలకి పైన గానీ, కింద గానీ, తెగితే వాటి మీద పడేంత దగ్గరలో గానీ ఉండకూడదు. మన వీధుల్లో కొన్ని బాల్కనీలకి చేతికందే దూరంలో 11 కేవీ లైన్లు పోతుంటాయి. మీది అలాంటిదైతే ఆ వైపు బాల్కనీ మర్చిపోండి, వైరు విసిరే ప్రయత్నం కూడా చేయవద్దు. మబ్బులు కమ్ముకుంటున్నప్పుడే, ఉరుములు మొదలుకాకముందే యాంటెన్నా రేడియో నుంచి తీసి, వైరు కొన కిటికీ బయట పడేయండి. ఉరుము మొదలయ్యాక వెళ్ళి ఆ వైరుని ముట్టుకోవద్దు. వేసవి చివర ఈదురుగాలుల రోజుల్లో, ఊరికి వెళ్ళేటప్పుడు, రాత్రి పడుకునేముందు తీసేయడం అలవాటు చేసుకుంటే మర్చిపోయే ప్రశ్నే ఉండదు. డాబా మీద మెడ ఎత్తులో వైరు కట్టకండి. బట్టలు ఆరేసేవాళ్ళు, సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే పిల్లలు చీకట్లో చూసుకోరు.

అసోసియేషన్ గురించి మీ టెన్షన్ సహజమే. చెప్పకుండా కట్టి గొడవ తెచ్చుకోవడం కంటే ముందే అడగడం మేలు. ఇది సెల్ టవర్ లాంటిది కాదని, దీంతో ఏదీ ప్రసారం చేయమని, వినడమే తప్ప దీన్నుంచి ఏ తరంగమూ బయటికి రాదని చెప్పండి. గోడకి మేకు కొట్టకుండా తాళ్ళతో కడతామని, వద్దంటే పది నిమిషాల్లో విప్పేస్తామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. వీలైతే రేడియో కూడా తీసుకెళ్ళి ఒకసారి వినిపించండి.

పక్కన కూర్చుని చూపించేవాళ్ళు కావాలనుకుంటే మీ ఊళ్ళో హామ్ రేడియో (సరదాకి రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం) లైసెన్సున్నవాళ్ళని వాకబు చేయండి. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వల్ల తెలుగునాట ఈ విద్య నేర్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వైర్లు కట్టడం, రొద వెతకడం వాళ్ళకి రోజూ ఉండే పనే, అడిగితే సంతోషంగా వస్తారు. మీ సెట్టులో ఎస్‌ఎస్‌బీ, అంటే హామ్‌లు మాట్లాడే తరహా ప్రసారాన్ని వినిపించే ఏర్పాటు, ఉంది కాబట్టి, పొద్దున్నే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ మధ్య అందులోని ఎల్‌ఎస్‌బీ అనే రకం పెట్టి తిప్పితే వాళ్ళ మాటలు మీకే వినపడతాయి. కొత్త వైరు ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి ఆ బలహీనమైన గొంతులు మంచి పరీక్ష.

డాబా మీద, హాల్లో రాసుకున్న ఆ నాలుగు అంకెలు, మెయిన్ ఆపినప్పుడు మోత తగ్గిందో లేదో, బాల్కనీ ఏ దిక్కుకి ఉందో, ఎదురుగా కరెంటు లైను ఉందో లేదో రాసి పంపండి. లూప్ అవసరమో, వైరుతోనే సరిపోతుందో అప్పుడు కచ్చితంగా చెప్పగలను. అప్పటిదాకా ఆన్‌లైన్ ఆర్డర్ పెట్టకండి.